పెనుగొలను దాకా తిరిగిన బొంగరం

శుక్రవారం సాయంత్రం సరిగ్గా ఆరూ నలభైకి మా హాల్లో అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. ఆ రోజుల్లో తిరువూరులో మా వీధివాళ్ల ప్రార్థన కూడిక మా ఇంట్లోనే జరిగేది, మా హాలు కాస్త పెద్దది కాబట్టి. పాటలూ బైబిలు వాక్యమూ అయ్యాక చివరి ప్రార్థన హెడ్మాస్టరు తాతగారిది. ఆయన మాకు చుట్టం కాదు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన ప్రార్థన ఊళ్ల వారీగా సాగేది. ముందు తిరువూరు, తర్వాత గంపలగూడెం, అక్కణ్ణుంచి పెనుగొలను, విస్సన్నపేట, విజయవాడ, ఢిల్లీ, చివరికి సర్వలోకం. ప్రతి ఊళ్లోనూ రోగుల కోసం, రైతుల కోసం, బస్సు డ్రైవర్ల కోసం ఆగేవారు. (షేర్ ఆటో అయినా ఇన్నిచోట్ల ఆగదనేవాడు మా అన్నయ్య.)

నాకప్పుడు పన్నెండేళ్లు, అన్నయ్యకు పదిహేను. మా ఇద్దరికీ ఉన్న భక్తంతా బొంగరాల మీదే. తాడు చుట్టి విసిరే చెక్క బొంగరాలు కావు, టీవీలో చూసి పిల్లలందరూ కొనుక్కున్న ప్లాస్టిక్ యుద్ధం బొంగరాలు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఈ బొంగరాన్ని ముక్కలుగా విడదీసి, మనకు నచ్చినట్టు మళ్లీ బిగించుకోవచ్చు. పైన ఎదుటిదాన్ని కొట్టే పళ్ల చక్రం, మధ్యలో బరువు బిళ్ల, కింద మొన. మొన సూదిగా ఉంటే బొంగరం ఉన్నచోటే నిలబడి చాలాసేపు తిరుగుతుంది. చదునుగా ఉంటే, బొంగరాలు వదిలే గిన్నెంతా పరుగులు పెట్టి దాడి చేస్తుంది కానీ తొందరగా అలిసిపోతుంది. గుండ్రంగా ఉంటే దెబ్బ తిన్నా తూలి మళ్లీ నిలదొక్కుకుంటుంది. బరువు అంచుల్లో ఉంటే ఎక్కువసేపు తిరుగుతుంది, ఒక పక్కకే ఉంటే ఊగిపోతుంది. తిప్పడానికి లాంచరు అని ఒక పిడి ఉంటుంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో అందులోని పళ్ల పట్టీని ఒక్క ఊపున లాగాలి. ఇద్దరూ ఒకేసారి వదలాలి. ముందు ఆగిపోయినా, గిన్నెలోంచి బయటపడినా ఓడిపోయినట్టు. మా గిన్నె, ప్రహరీ గోడ కట్టినప్పుడు మిగిలిపోయిన, సిమెంటు మోసే ఇనప గమేళా.

ఈ శాస్త్రమంతా అన్నయ్యే నేర్పాడు. నేర్పి రోజూ ఓడించేవాడు. నేను ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ జూన్‌లో అన్నయ్యకు విజయవాడలో ఇంటర్ సీటు వచ్చింది. శనివారం పొద్దున్నే హాస్టలుకు వెళ్లిపోవాలి. అన్నయ్య పెట్టె సర్దుతూ అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నేను మాత్రం ఒకటే ఆలోచిస్తున్నాను: వెళ్లేలోపు ఒక్కసారైనా ఓడించాలి. బరువుంటే బలముంటుందని తీర్మానించుకుని, సైకిల్ షాపులో ఒక పెద్ద ఇనప వాషరు అడిగి తెచ్చి నా బొంగరానికి దారంతో కట్టాను.

అన్నయ్య దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. "ఏంటే ఇది? బొంగరమా, బోరు మోటారా?"

"నీకెందుకు? దమ్ముంటే రా."

"ఇప్పుడా? కూడికకి జనం వచ్చేస్తున్నారు. అమ్మ చంపేస్తది."

"రేపట్నుంచి నువ్వుండవుగా."

అన్నయ్య హాల్లోకి ఒకసారి తొంగిచూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "తాతగారి ప్రార్థనలో ఆడదాం. గంపలగూడెంలో వదిలితే విస్సన్నపేట వచ్చేలోపు తేలిపోద్ది. అందరూ కళ్లు మూసుకునే ఉంటారు" అన్నాడు.

కళ్లు మూసుకుంటే చెవులు కూడా మూసుకుపోతాయని మేమిద్దరం మనస్ఫూర్తిగా నమ్మాం.

మధ్య గదిలో కర్టెన్ వెనక, మడతపెట్టిన దుప్పటి మీద గమేళా పెట్టాం. తాతగారు గంపలగూడెం చేరి పత్తి రైతుల మాట ఎత్తగానే హాల్లో అందరూ గట్టిగా "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఆ సందడిలో అన్నయ్య పెదవులు కదిలిస్తూ ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాడు. లాగాం. నా బొంగరం తిన్నగా తిరగలేదు. వాషరు ఒక పక్కకి జారింది. అది తూలుకుంటూ గమేళా అంచంతా గీసుకుంటూ వచ్చి అన్నయ్య బొంగరాన్ని ఒక్క గుద్దు గుద్దింది. అన్నయ్యది ఎగిరి బయటపడి, కర్టెన్ కింద నుంచి హాల్లోకి దూరి, గచ్చు మీద తిరుగుతూనే పోయి తాతగారి కాళ్ల దగ్గర పడింది. ఆయన అప్పుడు పెనుగొలనులో ఉన్నారు. అక్కడే ఆగిపోయారు. మిగతా ఊళ్లకు ఆ వారం ప్రార్థన అందలేదు.

"ఎవరిదిరా ఇది?"

నేను కర్టెన్ వెనకే ఉండిపోయాను. (గెలిచినవాళ్లు దాక్కోవడం ఎక్కడా ఉండదు. నేను దాక్కున్నాను.) అన్నయ్య వెళ్లి "నాదేనండి" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అమ్మ అందరి ముందూ వీపు మీద ఒక్కటిచ్చింది. తాతగారు బొంగరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊరుకో అమ్మా, నాకంటే ఇదే ముందు విస్సన్నపేట చేరేట్టుంది" అని అన్నయ్య చేతిలో పెట్టారు.

అందరూ వెళ్లాక, "నేనే గెలిచాను" అన్నాను.

"సాక్షి ఎవరే? అందరూ కళ్లు మూసుకునే ఉన్నారుగా. దసరా సెలవులకి వచ్చాక మళ్లీ ఆడదాం."

దసరాకి వచ్చాడు, లెక్కల పుస్తకాలు మోసుకుని. నేను గమేళా కడిగి పెట్టాను. రెండు రోజులు చూసి మేడ మీదకి చేర్చేశాను. ఆ తర్వాత ఉద్యోగాలొచ్చాక, అన్నయ్య పెళ్లిలో, వాళ్ల పాప నామకరణంలో, ఎప్పుడు కలిసినా నేను "ఆ రోజు గెలిచింది నేనే" అనడం, అన్నయ్య "సాక్షిని తీసుకురా" అనడం. ఆసుపత్రిలో కూడా ఆ మాటే అన్నాడు.

కిందటి ఏడాది అన్నయ్య పోయాడు. అమ్మానాన్నలు అంతకు ముందే పోయారు. ఇప్పుడు ఈ ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. మొన్న ఎండాకాలంలో వదినా పాపా వచ్చి నాలుగు రోజులున్నారు. పాపకు ఎనిమిదేళ్లు. బీరువా సొరుగులో బొంగరాలు చూసి, వాషరు కట్టినదాన్ని పైకెత్తి పట్టుకుంది.

"అత్తా, నాన్నని ఓడించింది ఇదేనా?"

"ఎవరు చెప్పారే?"

"నాన్నే. నువ్వు గుద్దితే తాతగారి కాళ్ల దాకా పోయిందంటగా. అత్తకి మాత్రం చెప్పకు, నెత్తికెక్కుద్ది అన్నాడు."

నేను వంటింట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. తర్వాత గమేళా దించి, పాపకు మొనలు మార్చడం, పట్టీ లాగడం నేర్పాను. రోజూ పాపే గెలిచింది.

వాళ్లు వెళ్లాక ఒక శుక్రవారం రెండు బొంగరాలూ నేనే తిప్పబోయాను. ఒక్కో లాంచరుకు రెండు చేతులూ కావాలి. రెండోది బిగించేసరికి మొదటిది ఆగిపోయింది. (కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పాల్సింది.) గమేళా ముందు గొంతుక్కూర్చుని కాలు తిమ్మిరెక్కి లేవలేకపోతుంటే, నన్ను చూసి నాకే నవ్వొచ్చింది. గడియారంలో ఆరూ నలభై దాటింది. కూడిక ఇప్పుడు చర్చి హాల్లో పెడుతున్నారు. మా ఇంట్లో ఒకటి, రెండు, మూడు అని ఎవరూ లెక్కపెట్టడం లేదు.