క్రెబ్స్ మూల

మా ఊరి బేస్‌బాల్ మైదానం చెక్కగోడ ఎడమవైపు ఒకచోట లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. అది వబాష్ నది వరదల పని కాదు, హెర్మన్ క్రెబ్స్ మొండితనం. మైదానం కట్టేటప్పుడు అందరూ స్థలాలు అమ్మారు కానీ ఆయన మాత్రం తన టమాటా మడి ఇవ్వనన్నాడు. చేసేది లేక గోడను ఆయన పెరటి చుట్టూ వంకర తిప్పారు. ఆ పంతం నెగ్గిన ఏడాదే గుండె ఆగి పోయాడు. ఇల్లూ, మడీ, గోడ వెనకభాగమూ ఆయన భార్య అయిడెల్లాకు మిగిలాయి. ఊరంతా ఆమెను మిస్ డెల్లా అనే పిలిచేది. పిల్లలు లేరు.

బంతి కొట్టేచోటి నుంచి ఆ మూలలో గోడ దూరం రెండువందల తొంభై ఎనిమిది అడుగులే. ప్రతి వసంతంలోనూ గోడ మీద ఆ అంకెకు తెల్లరంగు వేసేది మైదానం పని చూసే నేనే. కొట్టేవాళ్లకు అది పెళ్లివారిల్లు, బంతి విసిరేవాళ్లకు శాపం. కాస్త గట్టిగా తగిలితే చాలు, బంతి గోడ దాటి హోమ్ రన్ అయి, డెల్లా టమాటాల్లో పడేది.

దానికో ఆనవాయితీ ఉండేది. మన జట్టువాడు కొడితే, ఆట అయ్యాక వాడే వెళ్లి ఆమె తలుపు కొట్టి బంతి అడగాలి. ముందు తిట్లు తినాలి, తర్వాత చెర్రీ పళ్లు కూరి కాల్చిన 'పై' తినాలి. అవతలి జట్టువాడు కొడితే మాత్రం డెల్లా ఆ బంతిని గోడ మీదుగా వెనక్కి విసిరేసేది. మాకొద్దు నీ హోమ్ రన్, తీసుకుపో అన్నట్టు. గోడ వెనక మనిషి ఎవరికీ కనిపించేది కాదు. బంతి ఎగిరి రాగానే జనమంతా లేచి "డెల్లా!" అని అరిచేవారు. పక్క ఊరి దాకా వినిపించేది.

ఆమె ఒక్క ఆట కూడా చూడలేదు. "రండి మిస్ డెల్లా, ముందు వరసలో కూర్చోబెడతాను" అని నేనంటే, "నేనక్కడ కూర్చుంటే ఇక్కడ బంతి ఎవడు విసురుతాడయ్యా, నీ తాతా?" అనేది.

మా ఊళ్లో బాగున్నానని చెప్పుకోవడం మర్యాద కాదు. సణిగితేనే మనిషి కులాసాగా ఉన్నట్టు లెక్క. ఆ సంగతి కొత్తగా వచ్చిన మేనేజర్ ప్రెంటిస్‌కు తెలియదు. చర్చి విందులో డెల్లా అలవాటు కొద్దీ అతన్ని పట్టుకుంది.

"మీ బంతులతో నా ప్రాణం తోడేస్తున్నారు. ఏదో ఒకరోజు నా శవం మీదుగా కూడా హోమ్ రన్ కొడతారు!"

మేమంతా నవ్వాం. ప్రెంటిస్ నవ్వలేదు. పాపం, మంచివాడు. అలాంటి మంచివాళ్లతోనే నాకు ఒళ్లు మండుతుంది. వారం తిరక్కుండా ఆ మూలంతా గోడ మీద ఎత్తుగా ఇనుప వల కట్టమన్నాడు. వలకు తగిలి బంతి లోపలే పడితే ఆట సాగుతుందని, హోమ్ రన్ కాదని నియమం పెట్టాడు. ఇక ఆ అంకె ఎందుకు, చెరిపెయ్యమన్నాడు.

నిచ్చెన వేసేముందు ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఒక్కమాట చెప్పండి మిస్ డెల్లా, ఆపేస్తాడు."

"నేనడిగానా కట్టమని? నేనడగాలా వద్దని?" అంది. "కట్టుకోనీ. నా టమాటాలైనా బతుకుతాయి."

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఆమె అడగలేదు. నేను వల కట్టాను.

టమాటాలు బతికాయి. ఏ ఏడూ కాయనన్ని కాశాయి. తినేవాళ్లు లేక తీగ మీదే మగ్గి పగిలాయి. ఆట ఉన్న రోజు చెర్రీ 'పై' మాత్రం చేసేది. ఒకసారి పనిగట్టుకుని వెళ్లి తలుపు కొట్టాను. గబగబా అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తీసి నన్ను చూడగానే ఆమె ముఖం వాడిపోయింది.

"నువ్వా హార్లన్! నువ్వేం కొట్టావని 'పై' తినడానికి వచ్చావు?" అంటూనే పెద్ద ముక్క కోసిచ్చింది. బల్ల మీద గిన్నెలో ఒకే ఒక బంతి ఉంది. వల కట్టకముందు మన జట్టువాడొకడు కొట్టినదే, వచ్చి అడగకుండానే వేరే జట్టుకు వెళ్లిపోయాడట. తింటున్నంతసేపూ ఆమె నా వెనక తలుపు వైపే చూస్తోంది.

ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. నేను దంతె పట్టుకుని గోడ వారగా నిలబడి ఉన్నాను. అవతలి జట్టువాడు ఆ మూలకే బలంగా కొట్టాడు. బంతి వల పైఅంచుకు తగిలి లోపల పడింది. పాత అలవాటు, జనం ఒక్క క్షణం గోడ వైపు తిరిగి చూశారు. వెంటనే మళ్లీ ఆటలో పడిపోయారు.

అప్పుడు నా తల మీద వల ఘల్లుమంది. వెనకనుంచి ఏదో తగిలింది. జనంలో ఒక్కరూ ఇటు చూడలేదు. నేను చెక్కల సందులో కన్ను పెట్టాను.

డెల్లా మడి మధ్య నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది. గిన్నెలోని ఆ పాత బంతి వలకు తగిలి వెనక్కి జారి, ఆమె పక్కనే టమాటా ఆకుల్లో పడి ఉంది. అది ఆమె చూపుకు ఆనలేదు.

"మిస్ డెల్లా" అన్నాను.

"ఎవరూ, హార్లనా? కొట్టింది వాళ్లవాడేగా? దెబ్బ వింటే చెప్పగలను."

"వాళ్లవాడే."

"వెనక్కి విసిరేశాను. లోపల పడిందా?"

"పడింది" అన్నాను.

ఆమె మైదానం వైపు చెవి పెట్టింది.

"మరి ఎవరూ అరవరేం?" అంది.