పాలు తగ్గించమన్నారు, సిస్టర్

నిన్న పొద్దున ఎప్పటిలాగే కాన్వెంట్‌కి పాలు పోయడానికి వెళ్లాను. వంట చేసే మరియమ్మ గిన్నె పట్టుకుని వచ్చి, ఇక నుంచి అర లీటర్ తక్కువ పొయ్యమంది.

నాకు చిరాకేసింది. పాలు బాగాలేవా, ఎవరైనా కంప్లైంట్ చేశారా అని గట్టిగానే అడిగాను.

ఆమె గిన్నె కింద పెట్టి ఏడ్చింది. అప్పుడు తెలిసింది. సిస్టర్ స్టెల్లా రాత్రి నిద్రలోనే పోయారట. హార్ట్ ఎటాక్.

ఇలాంటి వార్త ఎవరైనా పాల లెక్కలో చెప్తారా?

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. సిస్టర్ స్టెల్లా సంతోష్‌నగర్ వైపు మా పాప మేఘన చదివే స్కూల్‌కి హెడ్‌మిస్ట్రెస్. మా యాకుత్‌పురా ఇంటి నుంచి వాళ్లకి పాలు పోసేది మేమే. రోజూ ఆమెను చూడకుండా నాకు తెల్లారేది కాదు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. రాస్తాను. ముందు నా కోపం కాస్త తగ్గనివ్వండి.

ఆమెతో వేగడం మామూలు విషయం కాదు. ఏది అడిగినా నన్ను పేరు పెట్టి పిలిచి ఒకటే మాట.

"నాకు తెల్వది శ్రీశైలం."

పోయినేడు మేఘన క్లాస్‌లో ఒక అమ్మాయి వాళ్ల అమ్మకి జబ్బు చేసింది. రోజూ అసెంబ్లీలో స్కూలంతా ఆమె కోసం ప్రేయర్ చేసింది. మా పాప ఇంట్లో దీపం కూడా పెట్టింది.

ఆమె బతకలేదు.

అంతే, మా పాప చేతులు జోడించడం మానేసింది. అసెంబ్లీలో అందరూ దండం పెడుతుంటే ఈమె చేతులు కిందికి వదిలేసి నిలబడుతుంది. మా గల్లీ బోనాలకి బోనం ఎత్తుకోనంది. మా అమ్మ వారం దాకా లొల్లి చేసింది. తిట్టాం, బతిమాలాం. టీనేజ్ పిల్ల, రెండూ వినదు.

సరే, దేవుడికే జీవితం ఇచ్చేసిన మనిషి కదా, కాస్త భయం చెప్తారని సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

మేఘన సూటిగా అడిగేసింది. స్కూలంతా కలిసి అడిగితే ఎవరు విన్నారు సిస్టర్, అని.

సిస్టర్ దానికీ అదే మాట అన్నారు.

"నాకు తెల్వది బిడ్డా. నేను గూడ గదే అడుగుతున్న."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆమెకే తెలియకపోతే నేను పిల్లని కాన్వెంట్‌లో వేసి ఏం లాభం?

అక్కడితో ఆగితే ఆమె సిస్టర్ స్టెల్లా ఎందుకవుతారు? అసెంబ్లీలో విన్నపాలు చెప్పే పని మేఘనకే ఇచ్చారు. వాళ్ల స్కూల్లో అదో పద్ధతి. ఒక పాప ముందుకొచ్చి, ఫలానా వాళ్ల అమ్మమ్మ మోకాళ్ల నొప్పుల కోసం, ఫలానా వాళ్ల అన్న ఉద్యోగం కోసం అని చెప్తుంది. మిగతా అందరూ "ప్రభువా, మా మొర ఆలకించు" అంటారు.

చేతులే జోడించని పిల్లకి ఈ పనేంటని వెళ్లి గొడవపడ్డాను. దీని గొంతు వెనక లైన్ దాకా వినిపిస్తుంది, అందుకే, అన్నారు. వేరే కారణమేదీ చెప్పలేదు.

మేఘన ఒప్పుకుంది. అది నాకు ఇంకా పెద్ద వింత. బెల్ కొట్టకముందే వరండాలో తిరిగి, ఎవరి ఇంట్లో ఏం కష్టముందో అందరినీ అడిగేది. హిందూ పిల్లలు, ముస్లిం పిల్లలు, క్రిస్టియన్ పిల్లలు, అందరివీ గుర్తుపెట్టుకుని చెప్పేది.

చేతులు మాత్రం కిందే.

నా పరేషాన్ నాది. ప్రీ-ఫైనల్స్ ముందు గుళ్లో అర్చన చేయించాను, దర్గాకి వెళ్లొచ్చాను, చాలదన్నట్టు స్కూల్లో మేరీమాత గుహ ముందు కూడా ఒక కొబ్బరికాయ కొట్టాను. కొత్తగా సున్నం వేసిన మెట్ల నిండా నీళ్లు, పెంకులు.

సిస్టర్ పరుగెత్తుకుంటూ వచ్చారు.

"గుళ్లె, దర్గల, ఈడ, అన్ని చోట్ల అప్లికేషన్ పెట్టినవ్. నీ బిడ్డతోని ఒక్కసారన్న కూసోని మాట్లాడినవా?"

చీపురు నా చేతికిచ్చి మొత్తం ఊడ్పించారు. పోతూ పోతూ ఒక కొబ్బరి ముక్క నోట్లో వేసుకున్నారు కూడా.

నా పిల్లకి నమ్మకం మళ్లీ వస్తుందా లేదా, అది చెప్పండి చాలు అని వెంటపడ్డాను. టెన్త్ ఎగ్జామ్స్ అయిపోనీ, కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు.

ఎగ్జామ్స్ ఇంకా మొదలే కాలేదు సిస్టర్. ఇట్లా మధ్యలో వదిలేసి వెళ్లిపోతారా ఎవరైనా?

నిన్న సాయంత్రం చివరి చూపు కోసం చాపెల్‌లో ఆమెను పడుకోబెట్టారు. ప్రార్థన మధ్యలో విన్నపాల దగ్గరికి వచ్చేసరికి, అలవాటు కొద్దీ అందరూ మేఘన వైపు చూశారు. లేచి నిలబడింది. నోరు తెరిచింది.

గొంతు రాలేదు.

ఆ పద్ధతులు నాకేం తెలుసు? అయినా లేచి "మా సిస్టర్ కోసం" అన్నాను. నా గొంతూ పెద్దదే. చాపెల్ అంతా బదులు పలికింది.

బండి మీద ఇంటికి వస్తుంటే సిగ్నల్ దగ్గర మేఘన వెనక నుంచి అడిగింది.

"డాడీ, విన్నడంటవా?"

"నాకు తెల్వది బిడ్డా."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకే ఏడుపొచ్చింది.

"మరి ఎందుకు అడిగినవ్?"

"అడగకుంట ఉండలేకపోయిన."

మేఘన నా వీపుకి తల ఆనించుకుంది. ఇల్లు వచ్చేదాకా తీయలేదు. నా బిడ్డ అట్లా కూర్చుని చాలా రోజులైంది.

ఇప్పుడు మీకు జవాబు తెలిసే ఉంటుంది సిస్టర్. చెప్పడానికి మాత్రం లేరు. చివరిదాకా సతాయించారు.

ఈ పొద్దున పాలు తగ్గించకుండానే పోశాను. మరియమ్మ గిన్నె ఇంకాస్త ముందుకు జరిపింది.

వెళ్లిరండి సిస్టర్. మీకు శాంతి దొరకాలి. పైన ఎవరైనా వింటున్నారో లేదో నాకు తెలియదు. అయినా అడుగుతున్నాను.