బాగుపడ్డ ఇంజన్ చప్పుడు

కారు చేసే చప్పుడును కాగితం మీద రాయడం ఎవరి వల్లా కాదు. మా బాపు, అంటే మా నాన్న, ఏడాది పాటు ప్రయత్నించాడు. "బండి కిర్రుమంటున్నది" అని తను కార్డు ముక్క రాస్తే, "ఎట్ల కిర్రుమంటున్నది? తలుపు లెక్కనా, కొత్త చెప్పు లెక్కనా?" అని ఖానాపూర్ దోస్తు నుంచి జవాబు వచ్చేది. దానికి మళ్ళీ ఇంకో కార్డు. ఈ రాతలు తెమిలేలోపు బండి కిర్రుమనడం మానేసి టకటకమనడం మొదలుపెట్టేది.

ఎనభైల నాటి ముచ్చట ఇది. మాది పెద్దపల్లి. నేను బడిలో పంతులమ్మను, పెళ్ళి మాట ఎత్తినవాళ్ళ మీద కస్సుమనేదాన్ని. బాపుకు వరి పొలాలు, అంతకుముందు ఇద్దరు వాడి వదిలేసిన ఒక పాత కారు. ఏ మెకానిక్కునూ దాని మీద చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. పొద్దున లేస్తే బొనెట్ ఎత్తుడే. "నన్నెందుకు చేసుకుంటివి, దాన్నే చేసుకోకపోయినవ్?" అనేది అవ్వ. "అప్పటికి ఇది దొరకలే" అనేవాడు బాపు.

అలాంటి పిచ్చివాళ్ళు ఇంకో ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకాయన గోదావరిఖని బొగ్గు బాయి కాలనీలో ఫిట్టరు. తుక్కు కింద కొన్న జీపును ఎట్లాగో బతికించుకుంటున్నాడు. రెండో ఆయన ఖానాపూర్‌లో పత్తి రైతు. అచ్చం మా కారు లాంటిదే ఆయనకూ ఉంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడలేదు. కరీంనగర్‌లో స్పేర్‌పార్ట్స్ అమ్మే సేటు "నీ అసొంటోళ్ళు ఇంకిద్దరున్నరు పటేలా" అని అడ్రసులు ఇచ్చి కలిపాడు.

మా ఇంటికి టేప్‌రికార్డర్ వచ్చాక బాపుకు ఉపాయం తట్టింది. చప్పుడును రాయడం దేనికి, చప్పుడునే పంపిస్తే పోలా? బొనెట్ ఎత్తి, ఇంజన్ స్టార్ట్ చేసి, పక్కన స్టూలు మీద టేప్‌రికార్డర్ పెట్టాడు. ఆ క్యాసెట్‌ను గుడ్డ సంచిలో కుట్టి కరీంనగర్ బస్సు డ్రైవర్ చేతికిచ్చాం. సేటు దుకాణం నుంచి అది ఇంకో బస్సెక్కి ఖానాపూర్ పోయేది, తిరిగి వస్తూ బొగ్గు బాయికి. పది పన్నెండు రోజులకు రెండు జవాబులు, నాలుగు తిట్లు నింపుకొని మా ఇల్లు చేరేది.

"ఓ పెద్దపల్లి, గా సప్పుడు బండిదా, నువ్వు పటపట పండ్లు కొరుకుతున్నవా?" అని అడిగేవాడు ఫిట్టరు. అంతలోనే పనిలోకి దిగేవాడు. "పొడుగు స్క్రూడ్రైవర్ తీస్కో. మొన ఇంజన్‌కు ఆనించు, పిడి చెవుకు పెట్టు. ఏడ గట్టిగ ఇనవడితే ఆడ రోగమున్నట్టు." ఖానాపూర్ ఆయన మాటలో మరాఠీ యాస ఉండేది. "ఫికర్ చేయకు పటేలా, ఇంజన్ మంచిగనే ఉన్నది. నడిపేటోన్నే ఓవర్‌హాల్ చేయాలె." బాపు ఆ మాటను వెనక్కి తిప్పి తిప్పి వినేవాడు, తొడ చరుచుకుంటూ. పక్కింటివాళ్ళు మా ఇంట్లో చుట్టాలు దిగారనుకునేవాళ్ళు.

బటన్లు నొక్కే పని నాది, బాపు చేతులకు ఎప్పుడూ గ్రీజే. మాట మొదలుపెడితే ఆపేవాడు కాదు. ముందు ఒక దగ్గు, తర్వాత "ఇంటున్నవా ఖానాపూర్", ఆ తర్వాత వానలు, పురుగుమందు, అవ్వ మోకాలి నొప్పి, అన్నీ అయ్యాక కారు. "టేపు అయిపోతున్నది, జల్ది చెప్పు బాపు" అని విసుక్కునేదాన్ని. ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్క లేదు. ఇప్పుడు ఆ నోరు కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ముగ్గురికీ క్యాసెట్ ఒక్కటే కాబట్టి బాపే ఒక కట్టుబాటు పెట్టాడు. బండి బాగుపడితే, దాని రోగం గురించి చెప్పిన చోటే ఎవరిది వాళ్ళు చెరిపి, బాగుపడ్డ ఇంజన్ చప్పుడు నింపాలి. అది విని మిగతా ఇద్దరూ సరే అనాలి. "నయమైనంక రోగం ముచ్చట ఎందుకుంచుడు?" అనేవాడు.

ఆఖరిసారి మా బండిది ఒక రకమైన గరగర. బాపు దాని గురించి పావుగంట చెప్పాడు. "ఫ్యాన్ బెల్ట్ తీసి ఒక్క నిమిషం స్టార్ట్ చేసి చూడు. సప్పుడు ఆగితే నీళ్ళ పంపు బేరింగ్ పోయినట్టే" అని ఖానాపూర్ జవాబు. తీసి చూస్తే ఆగింది. బాపు కరీంనగర్ పోయి కొత్త పంపు తెచ్చి బిగించాడు. "ఇల్లలకంగనే పండుగ కాదు, నాలుగు దినాలు నడిపి అప్పుడు చెరుపు" అని కూడా ఆ జవాబులోనే ఉంది. నాకు అంత ఓపిక ఎక్కడిది? బస్సు డ్రైవర్ మరునాడే వస్తున్నాడు. "నువ్వే చెప్పు బిడ్డా, నాకు గొంతు బాగలేదు" అన్నాడు బాపు. బాపు మాట మొదలైన చోటికి టేపు తిప్పి, ఎర్ర బటన్ నొక్కి, "సప్పుడు పోయింది, బాపు మీకు దండం చెప్పమన్నడు" అన్నాను. టేప్‌రికార్డర్‌ను ఇంజన్ ముందు వదిలేసి బడి పేపర్లు దిద్దుకోవడానికి లోపలికి పోయాను. ఎంతసేపటికి వచ్చి ఆపానో గుర్తు లేదు.

ఆ వానాకాలంలోనే బాపు పోయాడు. పొలం గట్టు మీద కూలబడ్డాడు, ఇంటికి తెచ్చేలోపే అయిపోయింది. క్యాసెట్ అప్పటికి ఖానాపూర్ చేరింది. ఇక అక్కడే ఉండిపోయింది.

సంవత్సరీకం నాడు అవ్వ బాపు ఫోటో తుడుస్తూ, "మీ బాపు మాట గా క్యాసెట్ల ఏమన్న మిగిలిందేమో చూడరాదు బిడ్డా, ఒక్కసారి ఇనబుద్దయితున్నది" అంది. చెరిపింది నేనే అని ఎట్లా చెప్పను? బాపు పాత మాటలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి, ఒక్కటే ఆశ మిగిలింది. బాపు మాట్లాడింది పావుగంట. నేను అంతసేపు టేపును వదిలేసి ఉండకపోతే, చివరి రెండు మాటలన్నా ఉండాలి. కనీసం ఒక దగ్గన్నా ఉండాలి.

ఖానాపూర్ బస్సెక్కాను. తెల్ల టోపీ పెట్టుకున్న ముసలాయన ఇంటి ముందు టైరుకు గాలి కొడుతున్నాడు. "పెద్దపల్లి నుంచి వచ్చిన" అన్నాను. పంపు వదిలేసి నా వైపు చూశాడు. "జల్ది చెప్పు బాపు అనేటి బిడ్డవు నువ్వేనా?"

లోపల క్యాసెట్ వేశాడు. నా మాట వచ్చింది, దండం వచ్చింది, తర్వాత ఇంజన్. గరగర లేదు, కిర్రు లేదు, ఎంత చక్కగా నడుస్తోందో. మా కారు పాడైపోయి ఉంటే బాగుండేదని నాకు జీవితంలో మొదటిసారి అనిపించింది. ఇద్దరం టేప్‌రికార్డర్ మీదికి వంగి కూర్చున్నాం. ఐదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు బాపు దగ్గుతాడు అని చూస్తున్నాను. టక్కుమంది. "...బెల్ట్ తీసి ఒక్క నిమిషం స్టార్ట్ చేసి చూడు" అని ఖానాపూర్ ఆయన గొంతు వచ్చింది. ఆయన జవాబులో మొదటి మాటను కూడా నా రికార్డింగ్ తినేసింది.

అంత పెద్దదాన్ని, కొత్తవాళ్ళ ఇంట్లో కూర్చొని వెక్కివెక్కి ఏడ్చాను. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చుంది.

"ఏడ్వకు బాయి. నాకు యాదికున్నది" అన్నాడాయన కొంతసేపటికి.

కళ్ళు మూసుకొని దగ్గాడు. అచ్చం బాపు దగ్గు. "ఇంటున్నవా ఖానాపూర్" అని మొదలుపెట్టి, వానలు, పురుగుమందు, అవ్వ మోకాలు, ఒక్కటీ విడిచిపెట్టకుండా గరగర దాకా వచ్చాడు. మరాఠీ యాస మాయమైంది. మధ్యలో బాపు ఊపిరి తీసుకునే చోట తనూ తీసుకున్నాడు. ఎన్నడూ చూడని మనిషి మాటను ఎన్నిసార్లు విని ఉంటే అట్లా వస్తుంది? ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నాను. మూడోసారి అయ్యాక, బస్సు పోతుంది లేవమని ఆయనే అన్నాడు.

ఇంటికి రాగానే అవ్వ "దొరికిందా?" అంది.

"లేదవ్వా. నేనే చెరిపిన."

అవ్వ తిట్టలేదు. "పోనీ తియ్యి. నా చెవుల ఉన్నది" అని వంటింట్లోకి పోయింది.

నా చెవుల్లో లేదు. ఆ రోజు నుంచి బాపును ఎప్పుడు తలచుకున్నా పలికేది ఖానాపూర్ ఆయనే. దగ్గు ఆయనదే, నవ్వు ఆయనదే. అసలు గొంతు ఎట్లా ఉండేదని ఎంత వెతుక్కున్నా ఆయన గొంతే వచ్చి నిలబడుతుంది. అంతకుముందు నాకూ ఉండే ఉంటుంది కదా, అవ్వకు ఉన్నట్టే. మూడుసార్లు చెప్పించుకోకపోతే మిగిలేదేమో.