ఓనరమ్మ పెరట్లో మంద

మా అత్త పోయిందన్న కబురు నాకు వార్డులో ఉండగా అందింది. మందుల బండి తోసుకుంటూ ఏడో మంచం దాకా వచ్చాను, జేబులో ఫోన్ మోగింది. పుంగనూరులో ఉండే మా ఆడబిడ్డ. "వదినా, అమ్మ పొద్దున్నే సంగటి తినింది, ఎండలో గోడకి ఆనుకోని కూర్చునింది, అంతే, పిలిస్తే పలకలా" అంది. ఏడో మంచం మీది పెద్దాయన నా ముఖం చూసి, నా చేతిలోని మాత్రలు తనే తీసుకుని మింగి, ఖాళీ కప్పు తిరిగి నా చేతిలో పెట్టాడు. ఆ పూట మా ఇద్దరిలో నర్సు ఆయనే.

ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ‘గారు’ దగ్గరే చిక్కు వచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అత్తగారూ అని పిలిచాను. "నేనేమన్నా తాసిల్దారునా? అత్తా అను, సాలు" అంది. అందుకని ఇక్కడా అత్త అనే రాస్తున్నాను. చదివేవాళ్ళు నన్ను తప్పు పట్టుకోవద్దు.

కురబలకోట దగ్గర పల్లె ఆమెది. పుట్టింట్లోనూ గొర్రెలే, మెట్టినింట్లోనూ గొర్రెలే. మామ చిన్నవయసులో పోతే, మంద మేపుకుంటూనే కూతుర్ని పుంగనూరుకిచ్చి పెళ్ళి చేసింది, కొడుకుని చదివించి ఆ ఊళ్ళోనే ఒక ప్రైవేటు బడికి డ్రిల్లు మాస్టర్ని చేసింది. నేను కుప్పం పిల్లని. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. పొట్టేలు కుమ్మి మణికట్టు విరిగి ఆమె మా దగ్గరికి వచ్చింది. నేను కట్టు కడుతున్నంతసేపూ కట్టు వంక కాకుండా నా చేతుల వంకే చూసింది. పోతూ పోతూ నాకు పెళ్ళయిందా అని మా పెద్ద సిస్టర్‌ని అడిగిందట. కట్టు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు కొడుకుని వెంటబెట్టుకొచ్చింది.

మేము చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు పోరు. మా నాన్న ఆ సంగతి కదిపితే, ఆదివారం ఈ పాప చర్చికి పోతే మా గొర్రెలేమన్నా మేత మానేస్తాయా అని అడిగింది. కుప్పం మనిషి కాబట్టి మా నాన్నకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ వచ్చు. మూడింట్లోనూ సరే అన్నాడు. ఆ నెలలోనే పెళ్ళయింది.

ఆమె మందను ఎప్పుడూ లెక్కపెట్టేది కాదు. సాయంత్రం గొర్రెలు దొడ్లోకి వస్తుంటే పక్కన నిలబడి ఒక్కొక్క దాని ముఖమే చూసేది. "లెక్కపెడితే తగ్గుతాదమ్మా. మొకాలు సూడాల. మొకాలు సూస్తే యాది రాలేదో అదే తెలుస్తాది" అనేది. ఇంట్లోనూ అదే పద్ధతి. కంచాలు పెట్టాక అందరి ముఖాలూ ఒకసారి చూసి, పాప యాడ అని అడిగేది. మా పాప మంచం కింద దాక్కుని ఉండేది.

మూడేళ్ళ కిందట నాకు బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉద్యోగం వచ్చింది. నేను, మా ఆయన, ఆరేళ్ళ పాప, మూడు సూట్‌కేసులతో కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో దిగాం. అక్కడ అద్దెకు దొరికింది ఒకే ఒక్క ఇల్లు. దాని ఓనరమ్మ పక్క వాటాలోనే ఉంటుంది, డెబ్బై దాటిన ఒంటరి మనిషి. ఆరు నెలలకైతే ఇస్తాను, ఆ తర్వాత ఉంచుకునేదీ లేనిదీ అప్పుడు చెబుతాను అంది. వద్దంటే నేను ఆసుపత్రి హాస్టల్లో ఒంటి గదికి పోవాలి, మా ఆయనా పాపా తిరుగు విమానమెక్కి మదనపల్లెకు పోవాలి. ముగ్గురం ఒక కప్పు కింద ఉండాలంటే ఆమె దయ కావాలి.

ఓనరమ్మ నోటితో ఏమీ అనేది కాదు. చీటీ రాసి, తలుపుకి ఉత్తరాల కోసం ఉండే కంతలోంచి లోపల వేసేది. చెత్తడబ్బా తప్పు రోజు పెట్టారు. చెప్పులు గుమ్మం బయట ఎందుకున్నాయి. పొద్దున ఏడింటికి ఆ ఈలలేమిటి. ఈలలు మా కుక్కరువి. ఆ చీటీ వచ్చాక పప్పు మామూలు గిన్నెలో ఉడికించడం మొదలుపెట్టాం, అది ఉడికేసరికి ఆకలి చచ్చిపోయేది. పుంగనూరులో ఒక్క విజిల్‌తో బడి మొత్తాన్ని నిలబెట్టిన మా ఆయన ఇంట్లో మునివేళ్ళ మీద నడవడం నేర్చుకున్నాడు. పాపకు తుమ్ము వస్తే ముందు దిండు వెతుక్కునేది.

ఐదో నెలలో విజిటర్ వీసా మీద అత్త వచ్చింది. చేతిలో రాగిపిండి మూట, భుజాన నల్ల కంబళి. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఎందుకొచ్చావని అడిగితే మొకాలు సూసి పోదామని అని చెప్పిందట. ఆయనకేం అర్థమయిందో, ముద్ర వేసి పంపాడు.

రెండు రోజులు మా వాలకం చూసింది. మూడో రోజు ఉండబట్టలేక అనేసింది. "ఏందమ్మా ఇది? దొంగలు కాపరం సేస్తాండట్ల ఉండాది." అప్పుడు ఇంటి సంగతీ ఓనరమ్మ సంగతీ చెప్పాను. విని ఊరుకుంది. ఆమె ఊరుకుంటే భయపడాలని నాకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

ఆ ఊళ్ళో గొర్రెలు కొండ దిగి వీధుల్లోకి వచ్చేస్తాయి. చెత్తడబ్బాలు పడదోస్తాయి, బస్‌స్టాపులో పడుకుంటాయి, ఎవరూ ఏమీ అనుకోరు. అత్తకు మాత్రం అది మింగుడు పడలేదు. వీపున సొంతదారు వేసిన నీలం రంగు గుర్తుంది, వెనకాల మనిషి లేడు. వాటిని అలాగే వదిలేస్తారనీ, రైతు అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటాడనీ మా ఆయన చెబితే నమ్మలేదు, ఆ మనిషికేదో అయింటుందంది. రోజూ సాయంత్రం రాగిపిండి ముద్దలు పట్టుకుని కొండ మొదట్లో నిలబడేది. వారం తిరిగేసరికి ఏది దొంగదో, ఏది పిరికిదో చెప్పగలిగేది. ఒకటి కుంటుతోందని బెంగ పెట్టుకుంది. పక్కింటి చెట్టు కొమ్మ ఒకటి గాలికి విరిగితే చెక్కి కర్ర చేసుకుంది.

ఓనరమ్మ ప్రాణమంతా పెరట్లోనే ఉండేది. మా పెరటికీ ఆమె పెరటికీ మధ్య మోకాలెత్తు గోడ. అవతల గడ్డి అంచులు ఆమె కత్తెరతో కత్తిరించేది. ఆ ఏడు గడ్డి మచ్చలు మచ్చలుగా పాలిపోయింది. నడుం మీద చెయ్యి వేసుకుని రోజూ దాన్నే చూస్తూ నిలబడేది. ఆమెకేం కష్టమని అత్త అడిగింది. నేల సారం పోయిందట, ఏ ఎరువూ పనిచెయ్యలేదట, శుక్రవారంతో మన ఆరు నెలలూ అయిపోతాయి, ఏమంటుందో ఏమో అన్నాను. ఆ రెండు విషయాలూ ఒకే గుక్కలో చెప్పడం నా తప్పు.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పంట కోసిన చేలో గొర్రెల మందను రాత్రంతా నిలుపుతారు. తెల్లారేసరికి నేలంతా పెంటికలు, దానికి మించిన ఎరువు లేదు. రైతులే వచ్చి బతిమాలి పిలుచుకుపోయి, కాపరికి గింజలిచ్చి కడుపునిండా పెడతారు. ఏమీ తీసుకోకుండా మంద నిలిపారంటే అంతకు మించిన మర్యాద ఉండదు. అత్త తన జన్మలో ఒకే ఒక్కసారి అలా నిలిపింది. పుంగనూరులో వియ్యంకుడి టమాటా చేలో, మా బిడ్డను బాగా చూసుకోండి అని.

గురువారం నాకు నైట్ డ్యూటీ. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చేసరికి ఓనరమ్మ పెరడు నిండా గొర్రెలు. నా దుప్పట్లు, కిటికీ తెరలు, బట్టలారేసే తాడు, అన్నీ కలిపి చుట్టూ దడి కట్టి ఉన్నాయి. మధ్యలో కంబళి పరుచుకుని అత్త కూర్చుని ఉంది. గులాబీ చెట్లకు పుల్లలు తప్ప ఏమీ మిగల్లేదు. గోడకు ఇవతల మా ఆయన పైజమాలో నిలబడి క్షమాపణ చెప్పే ఇంగ్లీషు వాక్యం నోట్లో నోట్లో అప్పజెప్పుకుంటున్నాడు. అవతల వంటింటి తలుపులో ఓనరమ్మ, చేతిలో టీ కప్పు. పడుకునేటప్పుడు ఆమె చెవి మిషన్ తీసి పక్కన పెడుతుందని ఆ రోజే తెలిసింది. ఆరు నెలలు రాత్రిళ్ళు మేము ఎవరి కోసం మునివేళ్ళ మీద నడిచామో దేవుడికే తెలియాలి.

"యాల అట్ల సూస్తాండావు? ఎరువు ఊరికే యేసినానని సెప్పు ఆయమ్మకి" అంది అత్త.

చెప్పాను. మా ఊరి మర్యాద, వియ్యంకుడు, టమాటాలు, అన్నీ చెప్పాను. నా ఇంగ్లీషు ఎప్పుడూ అంత పరీక్షకు నిలబడలేదు. ఓనరమ్మ చాలాసేపు గొర్రెల వంక చూసి, ఇవి టిఫినుకి కూడా ఉంటాయా అని అడిగి, తలుపు వేసుకుంది.

అప్పుడు అత్త మీద విరుచుకుపడ్డాను. రాత్రంతా నిద్ర లేదు, ఇల్లు పోయినట్టే అనిపించింది. "నువ్వు రాకపోయింటే బాగుండు అత్తా" అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "మంద నిలిపిన నేల ఆ పొద్దుకి అసింకంగానే ఉంటాదమ్మా. వాన పడనీ" అంది. నేనన్న మాటకు ఈ రోజు దాకా క్షమాపణ చెప్పుకోలేదు. చెప్పుకోవచ్చులే అనుకున్నాను.

గొర్రెల రైతు జీపులో వచ్చాడు, బాగానే ఉన్నాడు. అది చూసి అత్త స్థిమితపడింది. కుంటి గొర్రెను దొర్లించి కాలెత్తి చూపించింది. గిట్ట మధ్య చీము తీసి పసుపు పెట్టి నా దుప్పటి పీలికతో కట్టి ఉంది. ఆయన ఆ గిట్టనూ ఆమెనూ మార్చి మార్చి చూసి, పెరడంతా కలయజూసి, గోడకానుకుని కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇందులో నవ్వడానికేముందని ఓనరమ్మ కిటికీలోంచి కసిరింది.

శుక్రవారం గడిచింది, చీటీ రాలేదు. మా ఆయన సూట్‌కేసులు అటక మీంచి దించాడు. శనివారం చీటీ వచ్చింది: పది గంటలకు ఆమెను పంపండి. అత్త కర్ర పట్టుకుని వెళ్ళింది. ఆ రోజు నుంచి రోజూ పదింటికి ఇద్దరూ పెరట్లో ఉండేవాళ్ళు. ఈమె కురబలకోట తెలుగులో, ఆమె ఇంగ్లీషులో, ఒకేసారి మాట్లాడేవాళ్ళు. కొమ్మలు ఎక్కడ కొయ్యాలో వాదించుకుని, ఒకరు చూడనప్పుడు ఇంకొకరు కోసేవాళ్ళు. అత్త మళ్ళీ కుక్కరు పెట్టింది. మూడో విజిల్‌కి ఓనరమ్మ గిన్నె పట్టుకుని గోడ దగ్గరికి వచ్చేది.

వానలు పడ్డాయి. నెల తిరిగేసరికి ఆ పెరట్లో గడ్డి మోకాలికి తగులుతూ కళకళలాడింది. అప్పుడొచ్చింది అసలు చీటీ, రెండే వాక్యాలు. మీరు ఇంట్లో ఉండవచ్చు. ముందస్తు నోటీసు లేకుండా గొర్రెలను తేకూడదు.

వీసా అయిపోయి అత్త వెళ్ళిపోయింది. కర్ర విమానంలో రానివ్వరంటే ఓనరమ్మ పెరటి గోడకే ఆనించి పోయింది. మళ్ళీ వస్తానంది కానీ మోకాళ్ళు రానివ్వలేదు. మీ అత్త ఎప్పుడొస్తుందని ఓనరమ్మ నెలకోసారి అడిగేది.

కబురు తెలిసిన రోజు గోడ దగ్గర నిలబడి చెప్పాను. ఓనరమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. నాకు కష్టమనిపించింది. మా ఆయన ఊరికి పోయి, కర్మకాండలు ముగించుకుని, గుండుతో తిరిగొచ్చాడు. అత్తది ఏం తెచ్చావంటే కంబళి తీసి చూపించాడు. అందులో ఇంకా అత్త వాసన ఉంది. పట్టుకుని ఏడ్చాను.

మర్నాడు తలుపు కంతలోంచి చీటీ పడింది. ముందస్తు నోటీసు: రేపు సాయంత్రం ఆరింటికి నా పెరట్లోకి గొర్రెలు వస్తాయి.

వచ్చాయి. రైతు, ఆయన కుక్క, వెనకే మంద. ఎండ ఇంకా బాగా ఉంది. గులాబీల చుట్టూ ఓనరమ్మ ముందే ఇనుప వల బిగించింది. దుఃఖం దుఃఖమే, గులాబీలు గులాబీలే. తను కుర్చీ వేసుకుని, అత్త కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కంబళి తెమ్మని సైగ చేసింది. మా ఆయన తెచ్చి మధ్యలో పరిచాడు. రైతు అలవాటు కొద్దీ వేలు చూపిస్తూ గొర్రెలను లెక్కపెట్టబోయాడు. ఓనరమ్మ కర్ర ఎత్తి ఆపింది.

"లెక్క వొద్దు" అంది తెలుగులో. "మొకాలు."

ఆమె ఒక్కొక్క ముఖమే చూసుకుంటూ వచ్చింది, గొర్రెలవీ మావీ. నేనూ చూశాను. పాప ఉంది, మా ఆయన ఉన్నాడు, గోడవతల రైతు టోపీ తీసి నిలబడి ఉన్నాడు. అలా చూసుకుంటూ కంబళి దాకా వచ్చేసరికి నా చూపు ఆగింది. కాసేపటికి మందలోంచి ఆ కుంటి గొర్రె, కాలు బాగయినా మాకది కుంటిదే, మెల్లగా నడిచి వచ్చి కంబళి అంచు వాసన చూసి దాని మీద పడుకుంది. ఓనరమ్మ దాన్ని లేపలేదు.