జిమ్‌లో కాగితాల వాన

పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెంగా తెలివి తగ్గుతూ వచ్చి, ఇప్పుడు మా ఆవిడ అడిగే ఏ ప్రశ్నకీ జవాబు లేని స్థితికి చేరాను. ఆ మహాజ్ఞాన కాలంలో మేము మిషిగన్‌లో ఉండేవాళ్ళం. పదకొండో తరగతి మధ్యలో బడి మానేసి (బడే నన్ను మానేసిందని మా నాన్న అంటారు, ఆయనతో వాదించను), ఊళ్ళో ఉన్న చిన్న యూనివర్సిటీ జిమ్‌లో, అంటే ఆటల హాల్లో, పాప్‌కార్న్ అమ్మే ఉద్యోగంలో చేరాను. అక్కడికి మాస్టర్స్ చదవడానికి వచ్చిన తెలుగువాళ్ళు నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. కనిపించినవాళ్ళనల్లా "ఏంటి సార్, ఇంకా చదువుతూనే ఉన్నారా? అంత అర్థం కావట్లేదా?" అని ఏడిపించడం నాకు నిత్యకృత్యం.

మా యూనివర్సిటీకి ఒకటే కోరిక. అమెరికాలో యూనివర్సిటీలు గుంపులుగా చేరి తమలో తాము ఆడుకుంటాయి. ఆ గుంపుని కాన్ఫరెన్స్ అంటారు. మాది చిన్న గుంపు. పెద్ద దాంట్లో చేరితే మ్యాచ్‌లు టీవీలో వస్తాయి, మంచి ఆటగాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. స్పోర్ట్స్ ఆఫీసు నడిపే ఆవిడ ఏళ్ళ తరబడి అదే పనిమీద ఉంది. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుండేది కాబట్టి నేను ఆవిడకి పెట్టిన పేరు విజిలమ్మ. ఆ చలికాలం పెద్ద కాన్ఫరెన్స్ తరఫున నలుగురు మా అమ్మాయిల బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. జట్టు బాగానే ఆడేది. చూసేవాళ్ళే కరువు. ఆ అమ్మాయిల అమ్మానాన్నలు, నేను, నా పాప్‌కార్న్ మిషను, అంతే.

"ఉత్తరం గ్యాలరీ ఒక్కటైనా నిండితే బాగుండును" అని విజిలమ్మ నా కౌంటర్ దగ్గర నిట్టూర్చింది. "ఎంతమంది కావాలి?" అన్నాను, ఉల్లిపాయలు తూచేవాడిలా. "మూడు వందలు" అంది. "తెస్తాను" అన్నాను. ఆవిడ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపింది.

తిన్నగా తెలుగు విద్యార్థుల సంఘం ప్రెసిడెంటు దగ్గరికి వెళ్ళాను. ఖమ్మం వైపు మనిషి, మెతక. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేసేవాడు. అందరికీ ప్రెసిడెంటన్న.

"మావోళ్ళకు క్రికెట్ తప్ప ఏ గేమూ తెల్వదు తమ్మీ" అన్నాడు.

"తెలియక్కర్లేదన్నా. మన అమ్మాయిలు బుట్టలో బాల్ వేస్తే అరవండి. ఫస్ట్ డే ఫస్ట్ షో అనుకోండి, చాలు."

"గట్లయితే కాగితాలు గూడ ఎగరేయాల్నా?" అని నవ్వాడు.

ఆయన సరదాకి అన్నాడు. నేను మాత్రం మర్నాడే ఆఫీసులో మూలపడున్న పాత కరపత్రాలన్నీ ముక్కలు చేసి, పాప్‌కార్న్ సంచుల్లో నింపి సిద్ధంగా పెట్టాను. మ్యాచ్ రోజు గేటు దగ్గర నిలబడి మనిషికొకటి పంచాను.

మూడు వందల పైనే వచ్చారు. ఈలలు, చప్పట్లు, కుర్చీల మీద డప్పులు. ఆ నలుగురు పెద్దమనుషులూ ఆట మానేసి మావాళ్ళనే చూశారు. విజిలమ్మ ముఖం వెలిగిపోయింది. మూడో క్వార్టర్‌లో మొదటి విడత కాగితాలు ఎగిరాయి. ఆట ఆపి ఊడ్చారు. ఇంకోసారి పడితే మా జట్టు మీద ఫౌల్ ఇస్తామని మైకులో హెచ్చరించారు. ప్రెసిడెంటన్న మెట్లు దిగి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"తమ్మీ, బంద్ చేద్దాం. ఇజ్జత్ పోతది."

"థియేటర్‌లో మేనేజరూ అలాగే అంటాడన్నా. ఎప్పుడైనా ఆపామా? కానివ్వండి."

ఆట ముగియడానికి ఇంకా రెండు సెకన్లు ఉన్నాయనగా మా కెప్టెన్ అమ్మాయి బాల్ వేసింది. ఒక్క పాయింటు ముందున్నాం. ఆ తర్వాత నాకు బోర్డు కనిపించలేదు, కోర్టు కనిపించలేదు. తెల్లటి వాన. రిఫరీ ఫౌల్ ఇచ్చాడు. అవతలి జట్టులో ఒకమ్మాయి తీరిగ్గా వచ్చి, ఎవరూ అడ్డు రాకుండా వేసే ఫ్రీ త్రోలు రెండు వేసింది. రెండూ పడ్డాయి. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. మా కెప్టెన్ జుట్టులో కాగితం ముక్కలతో అక్కడే కూలబడిపోయింది.

విజిలమ్మ గ్యాలరీ కిందికి వచ్చి "ఎవరు తెచ్చారివి?" అని అడిగింది. నేను కౌంటర్ వెనక వంగి మిషను బాగుచేస్తున్నాను (మిషను నిక్షేపంగా ఉంది). "నేనే మేడమ్" అన్న గొంతు వినిపించింది. ప్రెసిడెంటన్నది. సెమిస్టరంతా జిమ్‌లో అడుగు పెట్టొద్దన్నారు, ఆఫీసులో పేరు రాసుకున్నారు. ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీదున్నవాడికి పేరు ఎక్కడైనా ఎక్కిందంటే అన్నం సహించదు.

మర్నాడు ఒక జోకు తయారుచేసుకుని లైబ్రరీకి వెళ్ళాను. "ఎందుకన్నా ఒప్పుకున్నావ్?" అని అడిగాను. ఆయన పుస్తకాలు సర్దడం ఆపలేదు.

"అందర్నీ అడుగుతుంటే అందరూ ఆగమైతరు. నీ పేరు చెప్తే నీ జాబ్ పోతది. నాకైతే బీటెక్ ఉంది, రేపు ఏదో ఒకటి దొరుకుతది. నీకేముంది తమ్మీ?"

ఎత్తిపొడవలేదు. నిజంగానే నా గురించి దిగులుపడ్డాడు. రోజూ నేను వెక్కిరించిన చదువే నన్ను కాపాడింది. తెచ్చిన జోకు చెప్పకుండానే తిరిగొచ్చాను.

విజిలమ్మ ముందు నిలబడి నిజం చెప్పడానికి మూడు వారాలు పట్టింది. అప్పటికే పెద్ద కాన్ఫరెన్స్ వాళ్ళు వేరే యూనివర్సిటీని చేర్చుకున్నారు. ఆవిడ పేర్లు రాసుకున్న పుస్తకం తీసింది. "కాగితాల వల్ల కాదని నీకు చెప్పాలనుంది. కానీ నాకు తెలియదు" అంది. ప్రెసిడెంటన్న పేరు నా ఎదురుగానే కొట్టేసి, నా ఒంటిమీది ఏప్రన్ కోసం చెయ్యి చాపింది. ఉద్యోగంతో పాటు అదీ ఇచ్చేసి వచ్చేశాను.

ఈ కథ ఎన్నో పార్టీల్లో చెప్పాను. కాగితాల వాన దగ్గర అందరూ పగలబడి నవ్వుతారు, నేను అక్కడే ఆపేస్తాను. పోయిన వారం మా పక్కింటివాళ్ళ అమ్మాయి మాత్రం వదల్లేదు. "దెన్ ఏమైంది అంకుల్?" అంది. "ఓడిపోయాం" అని ప్లేటు పట్టుకుని లోపలికి జారుకున్నాను. అంటే కౌంటర్ వెనక వంగున్న ఆ కుర్రాణ్ణి నేనింకా దాస్తూనే ఉన్నానన్నమాట. ఇవాళ ఇదంతా రాసి, ఇక లేచి నిలబడరా అన్నాను. ఇన్నేళ్ళు వంగున్నాడు, నడుము పట్టేసి ఉంటుంది పాపం.