పసుపు చుక్క పెట్టిన బోల్టు

మొన్న మా మేనల్లుడు కొత్త పికప్ బండి కొని పోతిరెడ్డిపల్లిల ఇంటి ముందర పూజకు నిలబెడితే, కొబ్బరికాయ కొట్టకముందే నేను బండి కిందికి దూరి వెనక తొట్టి బోల్టులు ఒక్కొక్కటే తడిమి చూసిన. ఈ వయసుల నీకేం పరేషాన్ మామా, కంపెనీలనే పూత పూసి పంపుతున్నరు, ఇగ తుప్పు ముట్టదు అని వాడు నవ్విండు. నవ్వడా మరి, వాళ్ళ నాయన పోయిననాడు వాడు చంకల పిల్లగాడు.

వాళ్ళ నాయన అంటే మా బావ, అక్క మొగుడు. పటాన్‌చెరుల బండ్లకు తొట్లు కట్టే షెడ్డుల నాకు పని నేర్పినోడు ఆయనే. బోల్టు బిగించే ముందు తుప్పు పట్టకుంట మరలకు, అది దూరే రంధ్రానికి వేలితోని గ్రీజు పట్టించాలె, బిగించినంక తల మీద ఎర్ర రంగు వెయ్యాలె, దాని మీద చిన్న పసుపు చుక్క పెట్టాలె. చుక్క ఉన్నదంటే లోపల గ్రీజు ఉన్నట్టే, మళ్ళ విప్పి చూసుడు లేదు. ఒకసారి నేను పలుచగ పూస్తే అన్నీ విప్పించి, తిట్టి తిట్టి, ఆఖరికి తన టిఫిన్ డబ్బలకెల్లి సగం అన్నం నాకే పెట్టిండు, గసొంటి మనిషి.

తర్వాత ఆయన సొంతంగ పాత పికప్ ఒకటి కొనుక్కున్నడు, ఫ్యాక్టరీలకు ఉప్పు బస్తాలు తోలెటందుకు. దానికి తొట్టి నేనే కట్టిన. ఆఖరి రోజు మా ఊర్ల బోనాలు, జల్దీ పోవాలె. వెనక తలుపు మడతబందుల కాడ నాలుగు బోల్టులు మిగిలినయి, చూస్తే గ్రీజు డబ్బ ఖాళీ. పొడిగనే బిగించి, రంగు కొట్టి, రేపొచ్చి విప్పి పూస్త అనుకొని చుక్కలు పెట్టేసిన. తెల్లారి నేనొచ్చేసరికి బావ చుక్కలు చూసుకొని బండి తీస్కపోయిండు. చెప్పాలంటే సిగ్గయింది, ఇయ్యాల రేపు అని జరిపి జరిపి, ఇగ మర్చేపోయిన.

మూడు వానకాలాలు ఆ తలుపు మీదికెల్లి ఉప్పునీళ్ళు కారినయి. ఇస్నాపూర్ కాడ బస్తాలు దించుదామని బావ గొళ్ళెం తీసిండో లేదో, ఆ నాలుగు బోల్టులు పుటుక్కున తెగి, తలుపు, దానికి ఒరిగిన బస్తాలు, అన్నీ ఆయన ఛాతీ మీదనే పడ్డయి. దవాఖాన దాక పానం ఆగలే. కబురు అందంగనే ఉరికి, రోడ్డు మీద నేను ఏరిన బోల్టు నడుమ తుప్పు పొట్టు పొట్టుగ రాలుతున్నది, తల మీద నేను పెట్టిన చుక్క మాత్రం చెక్కుచెదరలే. ఎవరూ చూడకముందే జేబుల ఏసుకున్న. ఆనాడు అందరికంటె ఎక్కువ మొత్తుకొని ఏడ్చింది నేనే, బావ మీద ఎంత పావురమో, ఎంత ప్రేమనో అని ఊరంత అనుకున్నది.

మొన్న పూజల అక్క పసుపు గిన్నె నా చేతిల పెట్టి, బోల్టులకు నువ్వే చుక్కలు పెట్టు తమ్మీ అన్నది. నీ చుక్క ఉన్నదంటే మీ బావ కిందికి వంగి చూసేటోడే కాదు గదా అన్నది. ఒక్కొక్క బోల్టుకు చుక్క పెట్టిన.

ఇప్పటి బోల్టులు పూతతోనే వస్తున్నయి, గ్రీజు డబ్బ లేదు, చుక్క లేదు, ఒకరి చేతిని నమ్మి ఇంకొకరు బండి తోలే అవసరమే లేదు. మంచిదే, మా కాలంల గిట్ల ఉంటే బావ బతికేటోడు. కానీ నన్ను గంత నమ్మిన మనిషి నాకు మళ్ళ దొరకలే. ఆ బోల్టు నా ట్రంకు పెట్టెల ఉన్నది. మొన్న పూజ అయినంక చేతులు కడుక్కొని అక్క పెట్టిన అన్నం తిన్న, ఆమెకు ఇయ్యాల్టికీ చెప్పలే.