ఐదు గుంటలు ఉంచుకొమ్మన్నారు

జనగామలో ఫ్లాటు మాట్లాడుకున్నప్పుడు నాకు తెలిసింది దాని ధర ఒక్కటే. మిగతావి ఒకదాని వెనక ఒకటి పిలవని చుట్టాల్లా వచ్చాయి. ఇంకా కడుతున్నారు కాబట్టి జీఎస్టీ అన్నారు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారు. నేను పోతే నా కూతురి మీద అప్పు పడకుండా లోనుకు బీమా చేయించమని బ్యాంకులో అన్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఫ్లాటు కొనలేదు కాబట్టి బతికిపోయారు.

నేను ఆసుపత్రిలో నర్సును. ఇంట్లో నేనూ నా కూతురూ, అంతే. కాగితాలంటే నాకు భయం లేదు. పార్కింగుకు వేరే డబ్బులు ఎందుకని బిల్డరుతో పోట్లాడి తగ్గించుకున్నదాన్ని. అయినా ఈ పన్నులకు, బీమాకు చేతిలో ఉన్నది చాలలేదు.

దేవరుప్పుల దగ్గర మా ఊళ్లో అన్న వ్యవసాయం చేసేవాడు. నా పెళ్లికి పసుపు కుంకుమల కింద అరెకరం ఇస్తానని బాపు నలుగురిలో అన్నాడు గానీ, రాసివ్వకముందే పోయాడు. మిగతా భూమి ఎండిన బోర్ల అప్పులకు పోయి, అన్న పేరు మీద ఆ అరెకరమే మిగిలింది. నేను ఏనాడూ అడగలేదు. ఈ పన్నుల దగ్గర ఇరుక్కున్నాక అడిగాను. సిగ్గు లేకుండా అడిగాను.

అన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "బాపు మాట ఇంక నా మెడ మీదనే ఉన్నది చెల్లె. అమ్ముదం. కొనెటోని దగ్గర మళ్ల కౌలుకు పట్టుకుంట, నాకేమైతది" అన్నాడు.

అమ్మకం రోజు తహసీల్దారు ఆఫీసు ముందు కాగితాలు రాసే పెద్దమనిషి పాసుబుక్కు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇరువై గుంటలకు ఇరువై గుంటలు అమ్ముతున్నవేందన్నా? ఐదు గుంటలన్న పేరు మీద ఉంచుకో. రేపు నీకేమన్న అయితే రైతుబీమా పైసలన్న ఇంటికొస్తయి. ఉత్త కౌలుకు చేసెటోనికి అవి రావు" అన్నాడు.

అన్న నా వైపు చూశాడు. ఏదైనా చెబుతానేమోనని చూశాడు. అప్పటికి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది, ఐదు గుంటలు తగ్గితే నా లోను బీమాకు డబ్బు ఎక్కడినుంచి తేవాలని. "మంచి పని మీద వచ్చినం. పొద్దుగాల్నే గీ సావు ముచ్చట్లేంది?" అని ఆ పెద్దమనిషి మీద విసుక్కున్నాను. అన్న నవ్వి, "మా చెల్లె చెప్పింది నిజమే, రాయి" అన్నాడు.

తర్వాతి వారం బ్యాంకులో అదే చావు ముచ్చట నాకు చెప్పారు. అక్కడ నేను విసుక్కోలేదు. అనుమానం వచ్చిన ప్రతిదీ అడిగి తెలుసుకుని, ప్రతి పేజీ చదివి సంతకం పెట్టాను.

మరుసటి వానాకాలం, కౌలుకు పట్టిన ఆ అరెకరంలోనే, మోటరు దగ్గర కరెంటు షాకు కొట్టి అన్న పోయాడు. యాభై కూడా నిండలేదు.

కర్మలు కాకముందే వ్యవసాయ శాఖ నుంచి ఒకామె వచ్చింది. వదిన బియ్యం డబ్బా వెనక నుంచి పాత పాసుబుక్కు తీసి కొంగుతో తుడిచి ఇచ్చింది. వచ్చినామె ఫోనులో చూసి, "అన్న పేరు మీద భూమి లేదక్కా, బీమా రాదు" అని తలవంచుకుంది.

వదిన నన్ను చూసింది. "అమ్మితే గిట్లయితదని ఎవరన్న చెప్పిన్రా? ఆ దినం నువ్వు గూడ ఉంటివి గదా."

"ఎవ్వరు చెప్పలే వదినె" అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇప్పుడు నెలనెలా ఆమెకు కొంత పంపుతున్నాను. ఏటా ఇంటి పన్ను కట్టడానికి మున్సిపాలిటీకి పోతాను. రసీదు మీద నా పేరు తప్పు లేకుండా ఉంటుంది. ఇంటికి బీమా ఉంది, లోనుకు బీమా ఉంది, నాకేమైనా అయితే నా కూతురు ఆగం కాదు. అన్న పిల్లలు అయ్యారు. పెద్దది కాలేజీ మానేసి బట్టల దుకాణంలో నిలబడుతోంది.

వదిన మాత్రం కనిపించినవాళ్లందరితో, "నా ఆడిబిడ్డ అసొంటిది ఊర్ల లేదు, నెల తప్పదు" అంటుందట. నిజం చెబుదామని రెండుసార్లు బస్సెక్కి వెళ్లాను. రెండుసార్లూ ఆమె వండిపెట్టింది తిని తిరిగొచ్చాను.